ఆఫీసుకు తిరిగి పిలుపు

నిర్వచనం, పరిధి

ఇంటి నుంచో సొంత ఊరి నుంచో పనిచేస్తున్న ఉద్యోగులు ఇకపై వారంలో ఇన్ని రోజులు ఆఫీసుకు వచ్చి పనిచేయాలని యాజమాన్యం పెట్టే నిబంధనను ఆఫీసుకు తిరిగి పిలుపు అంటారు. కోవిడ్‌లో మూతపడిన ఆఫీసులు 2021 తర్వాత దఫదఫాలుగా తెరుచుకున్నప్పుడు ఈ మాట వాడుకలోకి వచ్చింది. సాఫ్ట్‌వేర్, బీపీవో, బ్యాక్ ఆఫీస్, అకౌంట్స్, డిజైన్ వంటి కంప్యూటర్ ముందు కూర్చుని చేసే కొలువులకే ఇది వర్తిస్తుంది. నర్సు, బస్సు డ్రైవరు, ఫ్యాక్టరీ కార్మికుడు మహమ్మారి రోజుల్లోనూ పనిచోటికి వెళ్లినవారే కాబట్టి వారికి ఈ పిలుపుతో సంబంధం లేదు.

తెలుగువారి విషయంలో దీనికి కేంద్రం హైదరాబాద్. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం రాష్ట్రంలో ఐటీ, ఐటీ ఆధారిత సేవల ఉద్యోగులు 2013-14లో 3.23 లక్షల మంది ఉంటే 2022-23 నాటికి 9.05 లక్షల మందికి పెరిగారు. అదే కాలంలో ఎగుమతులు రూ. 57,258 కోట్ల నుంచి రూ. 2,41,275 కోట్లకు చేరాయి. ఈ కొలువుల్లో ఉన్నవాళ్లు హైదరాబాద్ వాళ్లే కాదు. శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా, పక్క రాష్ట్రాల్లోని రాయపూర్, నాగ్‌పూర్, బరంపురం దాకా వారి ఇళ్లు పరుచుకుని ఉన్నాయి. కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు ఆ ఇళ్లన్నిటి మీదా దాని ప్రభావం పడింది.

చరిత్ర: కోవిడ్‌కు ముందు

ఆఫీసుకు దూరంగా ఉండి పనిచేయడమనే ఆలోచనకు ఒక రూపం ఇచ్చినవాడు అమెరికన్ ఇంజనీరు జాక్ నైల్స్. 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉండగా, రోడ్ల మీద రద్దీ తగ్గించే మార్గంగా టెలిఫోను లైన్ల ద్వారా పని చేయించవచ్చని ఆయన ప్రతిపాదించాడు. తర్వాతి దశాబ్దాల్లో ఈ పద్ధతిని పెద్ద ఎత్తున పాటించిన సంస్థ ఐబీఎం.

వెనక్కి పిలవడమూ కోవిడ్ కంటే పాతదే. 2013 ఫిబ్రవరిలో మరిస్సా మేయర్ నాయకత్వంలోని యాహూ, ఇంటి నుంచి పనిచేసేవారంతా జూన్ నుంచి ఆఫీసుకు రావాలని ఆదేశించింది. 2017లో ఐబీఎం కూడా తన మార్కెటింగ్ ఉద్యోగులను ఆఫీసులకు పిలిపించింది. అప్పటికి రెండు కంపెనీలూ వ్యాపారంలో వెనకబడి ఉన్నాయి. కంపెనీ తడబడుతున్నప్పుడు ఉద్యోగులను ఒకచోటికి చేర్చాలనే ఆలోచన యాజమాన్యాలకు కలుగుతుందన్నది తర్వాతి పరిశోధనల్లోనూ కనిపిస్తుంది (చూ. పరిశోధనలు).

భారతదేశంలో చిత్రం వేరు. హైదరాబాద్ ఐటీ పరిశ్రమ మొత్తం దూరం నుంచి చేసే పని మీదే నిలబడింది. క్లయింటు న్యూజెర్సీలో ఉంటాడు, కోడ్ మాదాపూర్‌లో తయారవుతుంది. 1998 నవంబరు 22న ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించిన సైబర్ టవర్స్ ఈ ఏర్పాటుకు గుర్తుగా నిలిచింది. అయినా ఉద్యోగి మటుకు క్యాంపస్‌లోనే ఉండాల్సి వచ్చేది. అప్పట్లో అది కంపెనీల అలవాటు మాత్రమే కాదు, చట్టం కూడా దాన్నే కోరేది. కాల్ సెంటర్లు, బీపీవోలు టెలికాం శాఖ దగ్గర 'ఇతర సేవల సంస్థలు' అనే వర్గం కింద నమోదు కావాల్సి ఉండేది. ఉద్యోగితో ఇంటి నుంచి పనిచేయించాలంటే పూచీకత్తు సొమ్ము, ప్రత్యేక నెట్‌వర్కు వంటి షరతులు ఉండేవి. ప్రత్యేక ఆర్థిక మండలి చట్టం (2005) కింద నడిచే యూనిట్లలో పని మండలి హద్దుల్లోపలే జరగాల్సి ఉండేది.

చరిత్ర: 2020 మార్చి నుంచి 2022 దాకా

2020 మార్చి 4న మాదాపూర్ రహేజా మైండ్‌స్పేస్‌లోని 20వ నంబరు భవనంలో పనిచేసే ఒకరికి కోవిడ్ సోకిందన్న అనుమానంతో ఆ భవనంలోని ఉద్యోగులను ఇళ్లకు పంపేశారు. తర్వాత పుణె జాతీయ వైరాలజీ సంస్థ పరీక్షలో ఆ అనుమానం నిజం కాదని తేలింది. కానీ ఆ రోజు ల్యాప్‌టాప్ బ్యాగులతో మైండ్‌స్పేస్ గేటు దాటిన గుంపులను చూసినవారికి ఏం రాబోతోందో అర్థమైంది. మార్చి 13న టెలికాం శాఖ షరతులు సడలించింది, 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. వారాల వ్యవధిలో కంపెనీలు డెస్క్‌టాప్ సీపీయూలను సైతం క్యాబుల్లో ఉద్యోగుల ఇళ్లకు చేర్చాయి.

ఇంటి నుంచి పని తాత్కాలికం కాదన్న నమ్మకం కలిగించింది కంపెనీలే. 2020 ఏప్రిల్‌లో టీసీఎస్ 25/25 అనే నమూనా ప్రకటించింది. 2025 నాటికి ఏ సమయంలోనైనా తమ ఉద్యోగుల్లో 25 శాతానికి మించి ఆఫీసులో ఉండనక్కరలేదన్నది దాని సారం. ఆ మాట మీద ఎందరో హైదరాబాద్‌లో అద్దె ఇల్లు ఖాళీ చేసి ఊరికి వెళ్లారు, కొందరు ఊళ్లోనే ఇల్లు కట్టుకున్నారు. ప్రభుత్వమూ దారి సుగమం చేసింది. 2020 నవంబరులో, మళ్లీ 2021 జూన్‌లో టెలికాం నిబంధనలు సరళమయ్యాయి. 2022 జులైలో ప్రత్యేక ఆర్థిక మండళ్ల నియమాల్లో 43ఏ చేర్చి సగం మంది దాకా, డిసెంబరులో సవరించి మొత్తం ఉద్యోగులూ ఇంటి నుంచి పనిచేయవచ్చని కేంద్రం అనుమతించింది. ముందు 2023 డిసెంబరు 31 వరకు పెట్టిన గడువును తర్వాత మరో ఏడాది పొడిగించారు.

చరిత్ర: పిలుపు కాలక్రమం

అమెరికాలో గూగుల్ 2022 ఏప్రిల్ నుంచి వారానికి 3 రోజుల పద్ధతి పెట్టింది. అదే ఏడాది టెస్లా ఉద్యోగులు వారానికి కనీసం 40 గంటలు ఆఫీసులో ఉండాలని ఎలాన్ మస్క్ ఆదేశించాడు. అమెజాన్ 2023 మే నుంచి 3 రోజులు, 2025 జనవరి 2 నుంచి 5 రోజులు తప్పనిసరి చేసింది. అమెజాన్‌కు ప్రపంచంలోకెల్లా పెద్ద ఆఫీసు భవనం 2019 ఆగస్టులో నానక్‌రామ్‌గూడలో తెరుచుకుంది కాబట్టి, సియాటెల్‌లో తీసుకున్న నిర్ణయం వెంటనే హైదరాబాద్ చేరుతుంది. వీడియో సమావేశాలకు పేరుపడ్డ జూమ్ సైతం 2023 ఆగస్టులో, ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్నవారు వారానికి 2 రోజులు రావాలంది. హైదరాబాద్‌లో పుట్టి పెరిగిన సత్య నాదెళ్ల సారథ్యంలోని మైక్రోసాఫ్ట్ చాలాకాలం సడలింపుతో నడిచి, 2025 సెప్టెంబరులో వారానికి 3 రోజుల నిబంధన ప్రకటించింది.

భారతీయ కంపెనీల్లో 2023 అక్టోబరు, నవంబరు నెలలు మలుపు. టీసీఎస్ అక్టోబరు 1 నుంచి వారానికి 5 రోజులు రమ్మంది. విప్రో నవంబరు 15 నుంచి 3 రోజులు తప్పనిసరి చేసింది. ఇన్ఫోసిస్ అదే నెలలో మధ్య, కింది స్థాయి ఉద్యోగులు నెలకు 10 రోజులు రావాలని చెప్పి, 2025 మార్చి నుంచి దాన్ని హాజరు యాప్‌లోనే బిగించింది. 25/25 ప్రకటించిన కంపెనీయే అందరికంటే ముందు 5 రోజులకు తిరిగి రావడం ఈ కాలక్రమంలో గమనించాల్సిన విషయం.

రకాలు

పూర్తి హాజరు పద్ధతిలో వారానికి 5 రోజులూ ఆఫీసే. హైబ్రిడ్‌లో వారానికి 2, 3 రోజులు, లేదా నెలకు ఇన్ని రోజులని కోటా ఉంటుంది. ఏ రోజు రావాలో కొన్నిచోట్ల కంపెనీ చెబుతుంది, కొన్నిచోట్ల మేనేజర్‌కు, కొన్నిచోట్ల ఉద్యోగికి వదిలేస్తుంది. ఈ చివరి తేడా చిన్నదిగా కనిపించినా పని తీరును మార్చేస్తుంది. ఎవరికి తోచిన రోజు వారు వస్తే, ఉద్యోగి గంటన్నర ప్రయాణం చేసి వచ్చి, ఖాళీ బేలో ఒంటరిగా కూర్చుని ఇంట్లో ఉన్న సహోద్యోగితో వీడియో కాల్ మాట్లాడాల్సి వస్తుంది. టీమ్ అంతా ఒకే రోజు వచ్చే ఏర్పాటు ఉన్నచోటే హైబ్రిడ్‌కు అర్థం ఉంది.

కారణాలు

కంపెనీలు బయటికి చెప్పేవి మూడు: కలిసి పనిచేయడం, సంస్కృతి, ఉత్పాదకత. వీటితోపాటు ప్రకటనల్లో కనిపించని కారణాలూ ఉన్నాయి. ఏ ఒక్కదానితోనూ మొత్తం వ్యవహారం అర్థం కాదు.

ఫ్రెషర్ల శిక్షణ. వీటిలో అన్నిటికంటే బలమైన కారణం ఇదే. భారతీయ ఐటీ సేవల కంపెనీ నిర్మాణం పిరమిడ్ లాంటిది. కాలేజీ నుంచి వచ్చినవారిని వేల సంఖ్యలో తీసుకుని, కొద్దిమంది సీనియర్ల కింద పెట్టి, పని నేర్పిస్తూనే క్లయింటుకు బిల్లు వేస్తుంది. 2020-22 మధ్య చేరిన బ్యాచ్‌లు ట్రైనింగ్ మొదలుకొని ప్రాజెక్టు దాకా తెర మీదే గడిపాయి, కొందరు ఏడాదిన్నర దాకా మేనేజర్‌ను నేరుగా చూడలేదు. ప్రొడక్షన్‌లో లోపం వచ్చినప్పుడు సీనియర్ ఏ లాగ్ ముందు తెరుస్తాడు, క్లయింటు కోపంగా ఉన్నప్పుడు ఏ మాట అంటాడు, ఏది అనకుండా ఊరుకుంటాడు అన్నవి పక్క కుర్చీలో కూర్చుంటే అడగకుండానే తెలుస్తాయి. చాట్‌లో అయితే ప్రతిసారీ అడగాలి. అడగడానికి మొహమాటపడేవారు, ముఖ్యంగా తెలుగు మీడియం నుంచి వచ్చి ఇంగ్లీషులో టైప్ చేయడానికి తడుముకునేవారు, అక్కడే ఆగిపోతారు.

సమాచార భద్రత. బ్యాంకులు, బీమా, వైద్య రంగ క్లయింట్ల పనికి ఓడీసీ అనే ప్రత్యేక గదులు ఉంటాయి. ఫోను బయట లాకర్‌లో పెట్టి, వేరే కార్డు స్వైప్ చేసి లోపలికి వెళ్లాలి. ఇలాంటి ఖాతాల్లో ఇంటి నుంచి పనికి క్లయింట్లు 2020లో తప్పనిసరై ఒప్పుకున్నారు. పరిస్థితి కుదుటపడగానే ఒప్పందంలోని పాత నిబంధన గుర్తుచేశారు. ఇలాంటి ప్రాజెక్టుల్లో నిర్ణయం కంపెనీది కాదు, క్లయింటుది.

పన్ను రాయితీలు. ప్రత్యేక ఆర్థిక మండలిలోని యూనిట్‌కు ఎగుమతి లాభంపై మొదటి 5 ఏళ్లు 100 శాతం, తర్వాతి 5 ఏళ్లు 50 శాతం ఆదాయపు పన్ను మినహాయింపు, పరికరాలపై సుంకం మినహాయింపు లభించేవి. మాదాపూర్ మైండ్‌స్పేస్, గచ్చిబౌలి డీఎల్ఎఫ్, పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్ వంటివి ఈ చట్టం నీడలో పెరిగినవే. యూనిట్ నుంచి బయటికి వెళ్లిన ప్రతి ల్యాప్‌టాప్‌కూ లెక్క చూపాలి. 43ఏ నియమం సడలింపు ఇచ్చినా, గడువు దగ్గరపడ్డ ప్రతిసారీ పొడిగింపు వస్తుందో రాదోనన్న అనిశ్చితి ఉండేది.

భవనాలు, అద్దెలు. ఆఫీసు లీజులు ఏళ్ల తరబడి సాగుతాయి, ఖాళీగా ఉన్నా అద్దె కట్టాలి. సొంత క్యాంపస్ కట్టుకున్న కంపెనీకి అది పెట్టుబడి. మాదాపూర్ మైండ్‌స్పేస్‌లో ప్రధాన ఆస్తులున్న మైండ్‌స్పేస్ రీట్ (రియల్ ఎస్టేట్ పెట్టుబడి ట్రస్టు) 2020 ఆగస్టులో, అంటే ఆ భవనాలు బోసిగా ఉన్న నెలల్లోనే, స్టాక్ ఎక్స్ఛేంజీలో నమోదైంది. అయితే అద్దె కోసమే వెనక్కి పిలుస్తున్నారన్న వాదనకు ఒక పరిమితి ఉంది. ఉద్యోగి వచ్చినా రాకపోయినా అద్దె మారదు, వస్తే కరెంటు, క్యాబ్, క్యాంటీన్ ఖర్చు అదనం.

పర్యవేక్షణ, నమ్మకం. మైక్రోసాఫ్ట్ 2022 సెప్టెంబరులో పలు దేశాల్లో జరిపిన సర్వేలో, తాము బాగానే పనిచేస్తున్నామని 87 శాతం ఉద్యోగులు చెప్పారు. వారు పనిచేస్తున్నారన్న పూర్తి నమ్మకం ఉందన్న పై అధికారులు 12 శాతమే. అదే కాలంలో హైదరాబాద్, బెంగళూరుల్లో మూన్‌లైటింగ్ గొడవ రాజుకుంది. ఒక కంపెనీలో ఉంటూ రహస్యంగా మరో కంపెనీకి పనిచేయడం మోసమని విప్రో ఛైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ 2022 ఆగస్టులో అన్నారు. సెప్టెంబరులో అలాంటి 300 మందిని తొలగించినట్లు చెప్పారు. ఇన్ఫోసిస్ వ్యవస్థాపకుడు నారాయణ మూర్తి కూడా 2023లో యువతను మూన్‌లైటింగ్, ఇంటి నుంచి పని అనే రెండు అలవాట్ల గురించీ హెచ్చరించారు. ఇలా రెండూ ఒకే గాటన పడ్డాయి. రెండో కొలువు చేసినవారు కొందరే, వారిని చూసి అందరినీ అనుమానించడం న్యాయం కాదు. కానీ యాజమాన్యాల మనసులో ఆ ముద్ర పడిపోయింది.

చెప్పకుండా జరిగే వడపోత. రమ్మంటే రాలేనివారు రాజీనామా చేస్తారు. అలా వెళ్లేవారికి తొలగింపు పరిహారం ఇవ్వనక్కరలేదు, పత్రికల్లో లేఆఫ్ వార్తా రాదు. ఇదే కంపెనీల ఉద్దేశమని సాధారణంగా రుజువు చేయలేం, అమెజాన్ సీఈవో ఆండీ జాస్సీ దీన్ని ఖండించారు కూడా. అయితే 2024లో అమెరికాలో బాంబూహెచ్ఆర్ జరిపిన సర్వేలో, తిరిగి పిలిస్తే కొందరు తమంతట తామే వెళ్లిపోతారని ఆశించినట్లు పై స్థాయి అధికారుల్లో నాలుగో వంతు మంది ఒప్పుకున్నారు.

ఈ కారణాలన్నీ 2021లోనూ ఉన్నవే. మరి పిలుపు 2023 చివర్లో ఎందుకు గట్టిపడింది? ఉద్యోగులు కంపెనీ వదిలి వెళ్లే రేటు, అంటే అట్రిషన్, చూస్తే తెలుస్తుంది. ఇన్ఫోసిస్‌లో అట్రిషన్ 2022 జూన్ త్రైమాసికంలో 28.4 శాతానికి, టీసీఎస్‌లో అదే ఏడాది సెప్టెంబరులో 21.5 శాతానికి ఎగబాకింది. ఇంట్లో కూర్చునే మరో ఆఫర్ లెటర్ తెచ్చుకోగలిగిన ఆ రోజుల్లో, గట్టిగా రమ్మంటే టీమ్ ఖాళీ అయ్యేది. 2024 మార్చి నాటికి రెండు కంపెనీల్లోనూ ఆ రేటు 12.5 శాతం దరిదాపులకు దిగింది. బయట కొలువులు తగ్గాయి. ఆదేశం ఇచ్చే బలం యాజమాన్యం చేతికి వచ్చాకే ఆదేశం వచ్చింది. ఉత్పాదకత ఒక్కటే కారణమైతే ఇంత ఆలస్యం అయ్యేది కాదు.

అమలు, హాజరు లెక్క

పాత రోజుల్లో హాజరు పట్టీ ఉండేది, ఇప్పుడు స్వైప్. మెడలోని ఐడీ కార్డు టర్న్‌స్టైల్ దగ్గర ఆనిస్తే లోపలికి వచ్చిన, బయటికి వెళ్లిన వేళలు నమోదవుతాయి. ల్యాప్‌టాప్ ఏ నెట్‌వర్కు నుంచి లాగిన్ అయిందో వేరే చోట నమోదవుతుంది. రెండూ కలిసి మేనేజర్ డ్యాష్‌బోర్డులో పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో కనిపిస్తాయి.

దీన్ని జీతంతో ముడిపెట్టిన ప్రసిద్ధ ఉదాహరణ టీసీఎస్ 2024 ఏప్రిల్ విధానం. మూడు నెలలకోసారి ఇచ్చే వేరియబుల్ పే పూర్తిగా రావాలంటే హాజరు 85 శాతం దాటాలి. 75-85 మధ్య ఉంటే ముప్పాతిక, 60-75 మధ్య ఉంటే సగం, 60 కంటే తగ్గితే ఏమీ రాదు. త్రైమాసికంలో 65 పని దినాలు ఉన్నాయనుకుంటే 85 శాతం దాటడానికి 56 రోజులు రావాలి. అంటే సెలవుల లెక్క పక్కన పెడితే మూడు నెలల్లో ఇంటి నుంచి పనిచేయడానికి మిగిలేవి 9 రోజులు, నెలకు 3. అదే కంపెనీ 2025 జూన్‌లో తెచ్చిన బెంచ్ (ప్రాజెక్టు లేకుండా ఉండే కాలం) విధానం ప్రకారం ఏడాదికి కనీసం 225 రోజులు బిల్లయ్యే ప్రాజెక్టులో ఉండాలి, బెంచ్ 35 రోజులు మించకూడదు, బెంచ్ మీద ఉన్నప్పుడు ఆఫీసుకు రావాలి.

నిబంధన ఉన్నచోట దాన్ని దాటే దారులూ పుడతాయి. పొద్దున్నే స్వైప్ చేసి, కాఫీ తాగి, నలుగురికీ కనబడి వెనక్కి వెళ్లడాన్ని కాఫీ బ్యాడ్జింగ్ అంటున్నారు. దానికి విరుగుడుగా కంపెనీలు రోజుకు కనీస గంటలు పెట్టాయి. పని గురించి మొదలైన చర్చ ఇలా గేటు దగ్గర గంటల లెక్కకు కుదించుకుపోయింది.

పరిశోధనలు

భారతీయ పాఠకులకు దగ్గరి ఆధారాలు రెండున్నాయి. మైకేల్ గిబ్స్, ఫ్రెడరికె మెంగెల్, క్రిస్టోఫ్ సీమ్‌రోత్ ఒక ఆసియా ఐటీ సేవల కంపెనీలోని 10,000 మందికి పైగా నిపుణుల పని గంటలను, ఫలితాలను 2019 ఏప్రిల్ నుంచి 2020 ఆగస్టు వరకు పరిశీలించారు. ఇంటి నుంచి పనిలో గంటలు పెరిగాయి, పని ఫలితం కాస్త తగ్గింది, గంటకు ఉత్పాదకత 8 నుంచి 19 శాతం పడిపోయింది. సమావేశాలు పెరిగి, ఎవరూ కదిలించకుండా పనిచేసుకునే సమయం తగ్గడం ఒక కారణం. పిల్లలున్న ఇళ్లలో ఈ ప్రభావం ఎక్కువ. రెండోది చెన్నైలో డేటా ఎంట్రీ పనివారిపై డేవిడ్ అట్కిన్, ఆంటోనెట్ షోర్, సుమిత్ శిందే చేసిన ప్రయోగం. లాటరీ పద్ధతిలో ఇంటికి కేటాయించినవారు ఆఫీసులోని వారికంటే 18 శాతం తక్కువ పనిచేశారు. ఈ తేడాలో ఎక్కువ భాగం మొదటి రోజే కనబడింది. మిగతాది ఆఫీసులోని వారు త్వరగా నేర్చుకోవడం వల్ల వచ్చింది.

ఎదుటి పక్షానికీ గట్టి ఆధారాలున్నాయి. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం చైనా ప్రయాణ సంస్థ సీట్రిప్ కాల్ సెంటర్‌లో చేసిన ప్రయోగంలో ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగైంది. అయినా ప్రయోగం ముగిశాక చాలామంది ఒంటరితనం భరించలేక ఆఫీసుకు తిరిగి వచ్చారు. అదే సంస్థ ట్రిప్.కామ్‌గా మారాక 1,612 మందిపై చేసిన అధ్యయనం 2024 జూన్‌లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి 2 రోజులు ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరులో గానీ ప్రమోషన్లలో గానీ తేడా లేదు. రాజీనామాలు మూడో వంతు తగ్గాయి.

వెనక్కి పిలిచిన కంపెనీలకు ఏం ఒరిగిందన్నది వేరే ప్రశ్న. పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు అమెరికాలోని పెద్ద కంపెనీలను పరిశీలించి 2024లో ఫలితాలు వెల్లడించారు. షేరు ధర పడిపోయాక పిలుపు ఇచ్చే అవకాశం ఎక్కువని, పిలిచాక లాభాల్లో గానీ కంపెనీ విలువలో గానీ చెప్పుకోదగ్గ మార్పు లేదని, ఉద్యోగుల సంతృప్తి మాత్రం తగ్గిందని తేల్చారు. వారి తర్వాతి అధ్యయనంలో, పిలుపు తర్వాత మానేసినవారిలో మహిళలు, సీనియర్లు, నైపుణ్యం ఎక్కువ ఉన్నవారు ముందున్నారు.

సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు ఒకే భవనంలో ఉన్నప్పుడు కోడ్ మీద వచ్చే సలహాలు దాదాపు ఐదో వంతు ఎక్కువని, ఆ లాభం కొత్తవారిదని, నేర్పే సీనియర్ సొంత పని మాత్రం తగ్గుతుందని నటాలియా ఇమాన్యుయెల్, ఎమ్మా హారింగ్టన్, అమాండా పలైస్ చూపించారు. పైన చెప్పిన అధ్యయనాలను పక్కపక్కన పెడితే పరస్పర విరుద్ధంగా కనిపించినా, నిజానికి అవి కొలిచినవి వేర్వేరు. పూర్తిగా ఇంటి నుంచి పని, అందులోనూ కొత్తవారికి, చాలావరకు నష్టమే. పని వచ్చినవారికి వారంలో ఒకటి రెండు రోజులు ఇంటి నుంచి పని నష్టం కాదు. 5 రోజులూ అందరూ రావాలన్న నిబంధనను సమర్థించే ఆధారం వీటిలో లేదు.

నగరంపై ప్రభావం: హైదరాబాద్

ఐటీ ఉద్యోగి ఇంటికే పరిమితమైతే ఆ ఉద్యోగి మీద ఆధారపడ్డవారి పొయ్యి ఆరిపోతుందని 2020-21లో మాదాపూర్ చూసింది. అయ్యప్ప సొసైటీ, గచ్చిబౌలి పీజీ హాస్టళ్ల గేట్లకు టూలెట్ బోర్డులు వేలాడాయి. క్యాబ్ డ్రైవర్ల కార్లు కిస్తీలు కట్టలేక ఫైనాన్సర్ల యార్డులకు చేరాయి. టిఫిన్ బండ్లు, కర్రీ పాయింట్లు, హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ సిబ్బంది కొలువులు పోయాయి. మెట్రో రైలు 2020 మార్చి నుంచి సెప్టెంబరు 7 దాకా ఆగిపోయి, తిరిగి మొదలయ్యాక కూడా నాగోలు-రాయదుర్గం మార్గం చాలాకాలం వెలవెలబోయింది. అందుకే రాష్ట్ర ఐటీ శాఖ 2021లోనే ఆఫీసులు తెరవమని కంపెనీలను కోరింది. ప్రభుత్వం వైపు నుంచి వచ్చిన ఈ ఒత్తిడిని పిలుపు కారణాల్లో చేర్చాలి.

పిలుపు ఫలించాక రోడ్లు నిండాయి. 2023 జులై భారీ వర్షాల్లో సైబరాబాద్ పోలీసులు ఐటీ కంపెనీలు ప్రాంతాలవారీగా దశలవారీ లాగౌట్ పాటించాలని కోరారు. వాన ముంచెత్తినప్పుడల్లా ఇంటి నుంచి పనిచేయించమని పోలీసులే సూచించడం ఆ తర్వాత మామూలైంది. ఐటీ రంగంలో మూడో వంతుకు పైగా ఉన్న మహిళలకు ప్రయాణ భారం రెట్టింపు. ఇంటి పని, పిల్లల బడి, పెద్దల మందులు వారి మీదే ఉంటున్నాయి. ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు 2025 ఫిబ్రవరి 11న, మహిళలకు ఇంటి నుంచి పనిని పెద్ద ఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించడం ఈ నేపథ్యంలోనిదే. ఒక తెలుగు రాష్ట్రం ఆఫీసులు తెరవమని, మరొకటి ఇంటి నుంచి పని కావాలని కోరడం వింత కాదు. ఐటీ ఆఫీసులు నిండుగా ఉన్న రాష్ట్రం వాటి చుట్టూ ఉన్న జీవనాన్ని కాపాడుకుంటుంది, అవి తక్కువగా ఉన్న రాష్ట్రం తన పిల్లలు ఊళ్లోనే ఉండాలనుకుంటుంది.

చిన్న నగరాలు: రాయపూర్, గుఢియారీ

ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో రైల్వే జంక్షన్‌కు అవతలి వైపు ఉండే గుఢియారీ హోల్‌సేల్ వ్యాపారాల పేట. రైల్వే కొలువుల వల్ల, భిలాయ్ ఉక్కు కర్మాగారం వల్ల రాయపూర్-భిలాయ్ ప్రాంతానికి తెలుగు కుటుంబాలు తరాల క్రితమే చేరాయి. రాయపూర్ ఎన్ఐటీ, నవా రాయపూర్ ట్రిపుల్ ఐటీల్లో, చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లో చదివినవారికి పెద్ద ఐటీ కొలువంటే హైదరాబాద్, బెంగళూరు, పుణె. ఇలాంటి చోట్లకు 2020-23 మధ్య జీతాలు వెనక్కి వచ్చాయి. మహానగర జీతంతో చిన్న నగరపు ఖర్చు, పైగా తల్లిదండ్రుల దగ్గర బతుకు. ఇంటి అద్దె మిగిలింది, ఆ డబ్బు ఊళ్లోనే ఖర్చయింది.

పిలుపు వచ్చాక గుఢియారీ లాంటి పేటలో ఉన్న ఉద్యోగికి హైబ్రిడ్ అన్న మాటకు అర్థం లేదు. వారానికి 3 రోజులైనా, నెలకు 10 రోజులైనా హైదరాబాద్‌లో గది తీసుకోవాల్సిందే. నాగ్‌పూర్, బల్హార్షా మీదుగా సికింద్రాబాద్‌కు రాత్రంతా రైలు ప్రయాణం, ప్రతి వారం తిరగగలిగేది కాదు. 2024 సెప్టెంబరు 16న మొదలైన దుర్గ్-విశాఖపట్నం వందేభారత్ రాయపూర్ మీదుగా వెళుతుంది. విశాఖలో ఐటీ పెరిగితే ఈ ప్రాంతపు తెలుగువారికి అది మేలు చేయవచ్చు. ఇన్ఫోసిస్ అక్కడ 2023 అక్టోబరులో ఆఫీసు తెరిచింది. టీసీఎస్‌కు 21.16 ఎకరాలను 99 పైసలకు ఇవ్వడానికి ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం 2025 ఏప్రిల్‌లో ఆమోదం తెలిపింది. తెలంగాణ ప్రభుత్వం కరీంనగర్, ఖమ్మం, మహబూబ్‌నగర్, సిద్దిపేట, నిజామాబాద్‌లలో 2020-23 మధ్య ఐటీ భవనాలు తెరిచింది. ఇంటికి, మహానగర క్యాంపస్‌కు మధ్య మూడో దారి ఇలా దగ్గరి నగరంలో ఆఫీసు ఒక్కటే. రాయపూర్‌కు ఆ స్థాయి ఐటీ క్యాంపస్‌లు ఇంకా రాలేదు.

ప్రవాస తెలుగువారు

అమెరికాలో హెచ్-1బీ వీసాపై ఉన్నవారికి పని స్థలం వీసా పత్రాల్లో భాగం. 2015 నాటి సిమియో సొల్యూషన్స్ తీర్పు ప్రకారం, ఉద్యోగి పనిచేసే చోటు మరో మహానగర ప్రాంతానికి మారితే యాజమాన్యం సవరణ పిటిషన్ వేయాలి. తక్కువ ఖర్చని డాలస్‌కో షార్లట్‌కో మారి ఇంటి నుంచి పనిచేసినవారికి, కంపెనీ వెనక్కి పిలిచినప్పుడు రాజీనామా చేసి తీరిగ్గా వెతుక్కునే వీలులేదు. కొలువు పోతే సాధారణంగా 60 రోజుల్లో మరొకటి చూసుకోవాలి, లేదంటే దేశం విడవాలి. తోటి అమెరికన్ ఉద్యోగి కాదనగలిగిన పిలుపును వీరు కాదనలేరు.

చట్టపరమైన స్థితి

బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 6 నుంచి ఉద్యోగంలో చేరిన తొలిరోజు నుంచే పని వేళలు, చోటు విషయంలో సడలింపు కోరే హక్కు ఉంది. యాజమాన్యం కాదంటే కారణం చెప్పాలి. భారతదేశంలో అలాంటి సాధారణ హక్కు లేదు. సేవారంగం కోసం కేంద్రం 2020 డిసెంబరు 31న విడుదల చేసిన నమూనా స్థాయీ ఉత్తర్వుల ముసాయిదా ఇంటి నుంచి పనిని ప్రస్తావించినా, అనుమతించడం యాజమాన్యం ఇష్టానికే వదిలింది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ, సెలవు ముగిశాక పని స్వభావం అనుమతిస్తే పరస్పర అంగీకారంతో తల్లి ఇంటి నుంచి పనిచేయవచ్చని చెప్పింది. అదే సవరణ 50 మంది లేదా అంతకు మించి ఉన్న సంస్థల్లో శిశు సంరక్షణ కేంద్రం ఉండాలంది.

మిగిలినవారికి ఆధారం నియామక పత్రమే. అందులో పని స్థలంగా ఫలానా నగరం అని, కంపెనీ ఎక్కడికైనా బదిలీ చేయవచ్చని రాసి ఉంటుంది. 2020-22లో ఇంటి నుంచి పనికి వచ్చిన అనుమతులు చాలావరకు ఈమెయిళ్లు, టౌన్‌హాల్ సమావేశాల్లోని మాటలు, ఆ పత్రంలో చేరలేదు. ఇంటి నుంచి పని అన్న హామీతో కొత్త కొలువులో చేరేవారు ఆ హామీని, అది ఎంతకాలం వర్తిస్తుందో తేదీతో సహా, సంతకం పెట్టే ముందే నియామక పత్రంలో రాయించుకోవాలి.